కథ ఎవరు చెబుతున్నారో చూసి పుస్తకం తీసుకోండి

కిందటి వేసవిలో మా తోడల్లుడు రైల్లో చదువుకోవడానికి ఒక మంచి సైన్స్ ఫిక్షన్ నవల ఇమ్మన్నాడు. విశాఖపట్నం నుంచి సికింద్రాబాదు, రాత్రి ప్రయాణం. నేను అప్పుడే చదివి ముగించిన ఉత్సాహంలో లియు త్సిషిన్ రాసిన ‘ది త్రీ బాడీ ప్రాబ్లమ్’ అతని చేతిలో పెట్టాను. పది రోజుల తర్వాత పుస్తకం తిరిగి వచ్చింది. 180వ పేజీలో టికెట్టు కాగితం మడిచి పెట్టి ఉంది. “అన్నయ్యా, మొదట్లో ఒక అమ్మాయి వచ్చింది చూడండి, ఆమె మళ్ళీ ఎప్పుడొస్తుంది? మిగతావాళ్ళంతా పాఠం చెబుతున్నారు” అన్నాడు.

అతను చదవనివాడు కాదు. వారపత్రికల్లో సీరియళ్ళు వెలిగిపోయిన రోజుల్లో పత్రిక వచ్చే రోజుకోసం కాచుకుని కూర్చున్నవాడు. తప్పు నాదే. అందులోని ఊహ, మూడు సూర్యుళ్ళ కింద బతికే ఒక లోకం, గొప్పది, కాబట్టి ఎవరికైనా నచ్చుతుందనుకున్నాను. కాని ఊహ ఎంత గొప్పదైనా అట్ట వెనక నాలుగు వాక్యాల్లో ఇమిడిపోతుంది. ఆ తర్వాత నాలుగు వందల పేజీలూ మనం కాపురం చేయవలసింది కథ చెప్పే గొంతుతో. ఆ గొంతు పడకపోతే, మూడు సూర్యుళ్ళున్న లోకమైనా ముప్పై సూర్యుళ్ళున్న లోకమైనా ఆవలింత ఆగదు.

అందుకని ఈ ఏడాదిన్నరలో చదివిన ఎనిమిది నవలలను ఆ లెక్కన పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. అన్నీ ఇంగ్లీషులోనే చదివాను. నేను కొత్తగా చదివినవే తప్ప అన్నీ కొత్తగా వచ్చినవి కావు. వాటిలో ఒకటి వయసులో నాకంటే పెద్దది. కథల గుట్టు విప్పకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒకటి రెండు చోట్ల అంచు దాకా వెళ్ళక తప్పదు.

లెక్కలంటే భయం లేనివారికి

‘త్రీ బాడీ’తోనే మొదలుపెడతాను, దానికి నేను బాకీ ఉన్నాను. 2006లో చైనాలో ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో ధారావాహికగా వచ్చి, 2008లో పుస్తకమైంది. కెన్ లియు చేసిన ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చింది. మరుసటి ఏడాది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో బహుమతి అందుకుంది. అనువాద నవలకు ఆ బహుమతి దక్కడం అదే మొదలు. ఇంగ్లీషు ప్రతి 1967లో, సాంస్కృతిక విప్లవం రోజుల్లో మొదలవుతుంది. ఒక భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి వేదిక ఎక్కించి, జనం ముందు నిలదీసి, కొట్టి చంపుతారు. ఆయన కూతురు యె వెన్‌జియె ఆ జనంలో నిలబడి చూస్తుంది. చైనాలో అచ్చయిన పుస్తకంలో ఈ ఘట్టం మధ్యలో ఎక్కడో ఉంటుందట. ఇబ్బంది కొనితెచ్చుకోవడం ఎందుకని అక్కడికి జరిపారు. అనువాదకుడు రచయిత ఇష్టంతోనే దాన్ని తిరిగి ముందుకు తెచ్చాడు. ఆ మార్పు నవలకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఆ కూతురు తర్వాత ఏం చేసినా మనం ఆమెను పూర్తిగా తిట్టలేం.

చిక్కేమిటంటే, ఆ ముప్పై నలభై పేజీలు అయ్యాక కథ చెప్పే గొంతు చల్లబడిపోతుంది. ప్రయోగశాలలో రాసుకున్న నోటుపుస్తకంలా సాగుతుంది. మనుషులు వస్తారు, తమకు తెలిసిన సిద్ధాంతం చెప్పి వెళతారు. షి చియాంగ్ అనే పోలీసు ఒక్కడే కాస్త చెమట, సిగరెట్టు వాసన ఉన్న మనిషి. దానికి బదులుగా రచయిత మనకిచ్చేది దృశ్యాలు. నిలకడ లేని మూడు సూర్యుళ్ళ కింద బతకలేక, ఒంట్లో నీరంతా వదిలేసి చాపల్లా చుట్టుకుపోయే జీవులు ఉంటారు. మూడు కోట్లమంది సైనికులు మైదానంలో నిలబడి, జెండాలు ఎత్తుతూ దించుతూ అందరూ కలిసి ఒక కంప్యూటరుగా పనిచేస్తారు. ఆ అధ్యాయం చదివాక నేను పుస్తకం మూసి కాసేపు వరండాలో తిరిగాను. అటువంటి తిరుగుడు మీకు ఇష్టమైతే ఈ నవల మీది. చైనా పేర్లు గుర్తుండవని చాలామంది భయపడతారు. వాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. యె వెన్‌జియె అంటే యె వారి వెన్‌జియె. ఇలా అనుకున్నాక నాకు ఒక్క పేరూ తప్పిపోలేదు.

దీని పక్కన పెట్టవలసింది ఆండీ వియర్ 2021లో రాసిన ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’. ఇదీ లెక్కల మీదే నడుస్తుంది, ఇంకా చెప్పాలంటే త్రీ బాడీ కంటే ఎక్కువ లెక్కలున్నాయి. ఒక మనిషి అంతరిక్ష నౌకలో కళ్ళు తెరుస్తాడు. పక్కన రెండు శవాలు ఉంటాయి. తన పేరేమిటో తనకే గుర్తు లేదు. సూర్యుడి వెలుగును ఒక సూక్ష్మజీవి తినేస్తోందనీ, భూమి గడ్డకట్టక ముందే విరుగుడు కనుక్కోవాలనీ మెల్లగా జ్ఞాపకం వస్తుంది. అయినా మా తోడల్లుడికి ముందే ఇది ఇచ్చి ఉండవలసింది. ఎందుకంటే చెబుతున్నవాడు బడిపంతులు. సైన్సు మాస్టారు నల్లబల్ల ముందు నిలబడి, తప్పు చేసి, తన మీద తనే జోకు వేసుకుని, చెరిపి మళ్ళీ రాసినట్టుంటుంది ఆ గొంతు. లెక్క మనకు అర్థం కాకపోయినా అతను దానితో పడుతున్న అవస్థ అర్థమవుతుంది.

లోపాలు లేకపోలేదు. ప్రతి ఇరవై పేజీలకూ ఒక గండం, ఆ తర్వాత ఇరవై పేజీల్లో దానికి పరిష్కారం. నూటయాభై పేజీలు గడిచేసరికి ఆ తాళం మనకు పట్టుబడిపోతుంది. జోకులు కొన్ని ఏడో తరగతి పిల్లలకే నవ్వు తెప్పిస్తాయి. కాని సగం దారిలో ఒక పాత్ర వచ్చి చేరుతుంది. ఆ పాత్ర మాట్లాడే భాష మాటల్లో ఉండదు, స్వరాల్లో ఉంటుంది. అక్కడినుంచి పుస్తకం పక్కన పెట్టడం కష్టం. ఆడియో పుస్తకంలో ఆ స్వరాలు నిజంగానే వినిపిస్తాయి. కాబట్టి ఈ ఒక్క నవలకు మాత్రం చదవడం కంటే వినడం మేలంటాను.

రెండింటిలో ఏది గొప్పది అంటే త్రీ బాడీ. ముందు ఏది చదవాలి అంటే హెయిల్ మేరీ. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే మనం స్నేహితుల చేతుల్లో తప్పు పుస్తకాలు పెడుతుంటాం.

అమాయకులు చెప్పే కథలు

సుసానా క్లార్క్ నవల ‘పిరనేసి’ 2020లో వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో విమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. ఆమె మొదటి నవల 2004లో వచ్చిన దిండంత పుస్తకం. ఆ తర్వాత దీర్ఘకాలం అనారోగ్యంతో గడిపి, పదహారేళ్ళకు మూడు వందల పేజీలు కూడా లేని ఈ రెండో నవల ఇచ్చారు. అంతులేని ఒక భవంతి. ఒక సాలు తర్వాత ఇంకో సాలుగా మందిరాలు, వాటి నిండా శిల్పాలు. కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మబ్బులు. అందులో ఒక మనిషి చేపలు పట్టుకుని, నాచుతో చారు కాచుకుని, ఎప్పుడు ఏ మందిరంలోకి పోటు వస్తుందో లెక్కగట్టి దినచర్య రాసుకుంటాడు. అక్కడ దొరికిన ఎముకలకు నీళ్ళూ నైవేద్యమూ పెడతాడు. సంవత్సరాలకు అంకెలు ఉండవు. ‘నైరుతి మందిరాలకు ఆల్బట్రాస్ పక్షి వచ్చిన సంవత్సరం’ అని రాసుకుంటాడు. మన ఊళ్ళలో ‘తుపాను వచ్చిన ఏడు’ అన్నట్టే.

ఆ భవంతిలో అతను కాక బతికున్న మనిషి మరొకడే. ఇద్దరూ మంగళవారం, శుక్రవారం కలుసుకుంటారు. ఇతను చింకి గుడ్డల్లో ఉంటాడు. అవతలి మనిషి మాత్రం చక్కటి సూటు వేసుకుని, చేతిలో మెరిసే పరికరంతో వస్తాడు. అక్కడే మనకు అనుమానం పుడుతుంది. అతనికి పుట్టదు. మనకు ముందే తెలిసిపోయి, చెప్పలేక గిలగిల్లాడుతూ పేజీలు తిప్పడమే ఈ నవల పెట్టే ఉత్కంఠ. మోసపోతున్న మంచివాణ్ణి చూసి జాలిపడటం తేలిక. క్లార్క్ అంతకంటే కష్టమైన పని చేశారు. ఆ అమాయకుడు చూస్తున్న అందం నిజమేనని మన చేత ఒప్పించారు. చివరి యాభై పేజీల్లో నాకు ఆ భవంతి మీద బెంగ పట్టుకుంది.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళతాను. ఇంగ్లీషులో అతను భవంతి, శిల్పం, పోటు, పక్షి వంటి మాటలన్నీ పెద్దక్షరంతో మొదలుపెట్టి రాస్తాడు. అతని భక్తి అంతా ఆ పెద్దక్షరాల్లో ఉంది. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కదా, దీన్ని ఎవరైనా తెలుగు చేస్తే ఆ భక్తిని ఎక్కడ పెడతారు? ‘భవంతిగారు’ అనలేం. ‘భవంతి తల్లి’ అనవచ్చేమో. గోదావరిని తల్లి అన్నట్టు.

కజువో ఇషిగురో ‘క్లారా అండ్ ది సన్’ కూడా 2021 పుస్తకమే. రచయితకు 2017లో నోబెల్ వచ్చింది, ఇది ఆ తర్వాత ప్రచురించిన మొదటి నవల. క్లారా ఒక యంత్రం. ఒంటరి పిల్లలకు స్నేహితురాలిగా ఉండటానికి దుకాణంలో అమ్మే బొమ్మ మనిషి. సూర్యరశ్మితో నడుస్తుంది. జబ్బుపడిన జోసీ అనే అమ్మాయి ఇంటికి చేరుతుంది. తనకు బలమిచ్చేది సూర్యుడు కాబట్టి పిల్లకు కూడా ఆయనే నయం చేస్తాడని నమ్ముతుంది.

ఈ నవలను అరసవల్లి తెలిసినవాళ్ళు చదవడం వేరు. క్లారా సూర్యుడి దగ్గరికి వెళ్ళి చేసేది అచ్చంగా మొక్కు. ‘నువ్వు ఈ పని చేస్తే నేను ఆ పని చేస్తాను’ అని ఒప్పుకుని, ఆ మొక్కు తీర్చుకోవడానికి తన ఒంట్లోదే కొంత వదులుకుంటుంది. యంత్రానికి మూఢనమ్మకమా అని ముక్కున వేలేసుకునేవాళ్ళు ఉంటారు. రథసప్తమినాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసిన నాకు మాత్రం ఆ ఘట్టంలో వింత ఏమీ కనిపించలేదు. గొంతు చాలా మెత్తన. ఆ మెత్తదనమే కొందరికి విసుగు. ఆ లోకంలో పిల్లలకు ఏం చేస్తున్నారో తెలియడానికి సగం పుస్తకం పడుతుంది, తెలిసాక కూడా క్లారా దానిమీద కోపం తెచ్చుకోదు.

నా ఓటు పిరనేసికే. కాని ఇంట్లో జబ్బుపడినవాళ్ళ మంచం పక్కన నెలల తరబడి కూర్చున్న అనుభవం మీకు ఉంటే ముందు క్లారా చదవండి.

రాజుగారు కడుపుతో ఉన్నారు

నాకంటే పెద్దదని చెప్పింది ఈ నవలనే. అర్సులా లెగ్విన్ రాసిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’, 1969. హ్యూగో, దానిలాంటిదే అయిన నెబ్యులా బహుమతి, రెండూ వచ్చాయి. గెథెన్ అనే గ్రహం మీద ఎప్పుడూ చలికాలమే. అక్కడి మనుషులు నెలలో ఎక్కువ రోజులు ఆడా కాదు, మగా కాదు. ఇరవయ్యారు రోజులకు ఒకసారి కొద్ది రోజులపాటు అటో ఇటో అవుతారు. ఎటు అవుతారో ముందుగా తెలియదు. కాబట్టి ఒకే మనిషి కొందరు పిల్లలకు తల్లి, మరికొందరికి తండ్రి కావచ్చు. ఒక చోట ఆ దేశపు రాజుగారు గర్భం ధరిస్తారు. అక్కడి జనం దాన్ని పెద్ద విశేషంగా తీసుకోరు. దాన్ని వింతగా చూసేది ఎక్యూమెన్ అనే లోకాల కూటమి తరఫున రాయబారిగా వెళ్ళిన మన భూమి మనిషి జెన్లీ ఐ ఒక్కడే.

లెగ్విన్ ఆ మనుషులందరికీ ఇంగ్లీషులో ‘అతను’ అనే మాటే వాడారు. దానిమీద విమర్శలు వచ్చాయి. ఆమె 1976లో ఒక వ్యాసంలో తన ఎంపికను సమర్థించుకున్నారు. పన్నెండేళ్ళు తిరగకముందే ఆ వ్యాసానికే వ్యాఖ్యలు జోడించి, తన అభిప్రాయం మారిందని రాశారు. రాసిన మాట మీద అంత బాహాటంగా వెనక్కి తగ్గే రచయితలు తక్కువ. నేను ఈ నవల చదువుతున్నంతసేపూ నా బుర్రలో ఇంకో పని జరుగుతూనే ఉంది. ఇది తెలుగులో ఎలా ఉంటుంది? ‘రాజుగారు వచ్చారు, కూర్చున్నారు, వేడి బీరు తాగారు.’ ఎక్కడా లింగం లేదు. ‘రాజుగారు కడుపుతో ఉన్నారు’ అన్నా మన వ్యాకరణం ఉలిక్కిపడదు. ఇంగ్లీషులో ఆమెను అంత కాలం వేధించిన చిక్కును మన ‘వారు’ చిటికెలో విప్పేస్తుంది. గౌరవం తగ్గించినప్పుడే మనకు అతనా, ఆమా అన్న ప్రశ్న వస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, నవల చివరి భాగంలో ఇద్దరు మనుషులు మంచు ఎడారి దాటుతూ, వారాల తరబడి ఒకే గుడారంలో పడుకుని, క్రమంగా సొంత పేర్లతో పిలుచుకునేంత దగ్గరవుతారు. తెలుగులో అయితే వాళ్ళు ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దిగేవారు. ‘నువ్వు వచ్చావు’లో కూడా లింగం లేదు!

రెండో సంగతి, ఆ దేశంలో పరువుకు ఒక పెద్ద పద్ధతి ఉంది. షిఫ్‌గ్రెథోర్ అంటారు. ఎదుటివాడికి నేరుగా సలహా ఇవ్వడం అవమానించడమే. అందుకే ప్రధానమంత్రి ఎస్ట్రావెన్ మొదటినుంచీ జెన్లీకి మేలు చేయాలని చూస్తూ, అన్నీ చుట్టు తిప్పి చెబుతాడు. జెన్లీకి అర్థం కాదు, పైగా ఇతను మోసగాడని అనుకుంటాడు. ఈ భాగం అర్థం కాలేదని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఒక్కసారి పెళ్ళి మాటల్లో పెద్దల మధ్య కూర్చున్నవాళ్ళకు ఇందులో అర్థం కానిది ఏముంది? కట్నం అన్న మాట ఒక్కరి నోటా రాకుండా గంటసేపు కట్నం గురించే మాట్లాడుకోవడం మనం చూడలేదా?

ఇందులో కథ చెప్పేది ఒక గొంతు కాదు. కొంత జెన్లీ తన వాళ్ళకు పంపే నివేదిక. కొంత ఎస్ట్రావెన్ దినచర్య. మధ్యమధ్య ఆ గ్రహపు పాత కథలు. ఒకే సంగతిని ఇద్దరూ చెప్పినప్పుడు రెండూ పొసగవు. ఎవరు ఎవర్ని ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నారో మనమే పట్టుకోవాలి. మొదటి వంద పేజీలు నెమ్మది. దాన్ని దాచి ఎవరికీ సిఫారసు చేయను. రాజకీయాలు, ఊరేగింపులు, విందులు ఓపికగా దాటితే ఆ మంచు ప్రయాణం వస్తుంది. ఈ ఎనిమిది పుస్తకాల్లో నేను రెండోసారి చదివింది ఆ ప్రయాణమే.

నువ్వా, మీరా?

ఎన్. కె. జెమిసిన్ ‘ది ఫిఫ్త్ సీజన్’ 2015లో వచ్చింది. మూడు భాగాల్లో ఇది మొదటిది. 2016, 2017, 2018లో మూడు భాగాలకూ వరసగా హ్యూగో వచ్చింది. ఎప్పుడూ కంపించే ఖండం, ఆ కంపాలను అదుపుచేయగల మనుషులు, వాళ్ళను చూసి భయపడి బానిసలుగా వాడుకునే సమాజం. మూడు కథలు నడుస్తాయి. వాటిలో ఒకటి ఇంగ్లీషు ‘యూ’తో, చదివేవాళ్ళను ఉద్దేశించినట్టుగా సాగుతుంది. నలభై దాటిన ఒక తల్లి, కొడుకు శవం దగ్గర కూర్చుని ఉంటుంది. ఆమెతో ఎవరో ‘నువ్వు ఇలా చేశావు, నువ్వు ఇలా వెళ్ళావు’ అంటున్నారు.

ఇంగ్లీషులో ఆ మాట ఒకటే. నేను మాత్రం తెలియకుండానే ‘నువ్వు’ అని చదువుకున్నాను. తర్వాత ఆగి ఆలోచించాను. అంత వయసున్న, అంత దుఃఖంలో ఉన్న మనిషిని ఏకవచనంలో పిలిచే చనువు ఎవరికి ఉంటుంది? ఆ ప్రశ్నను పట్టుకుని చదవండి. ఇంతకంటే చెబితే నవలకు ద్రోహం. కాలాన్ని ముక్కలు చేసి కలిపే పద్ధతి చూసి బెదరనక్కరలేదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఇంకా పుట్టని మనిషి కథను ముందే చెప్పించాడు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పసిపిల్లల మీద హింస ఇందులో ఒక్క చోటుతో ఆగదు. చిన్న పిల్లల తల్లిదండ్రులు, ముఖ్యంగా రాత్రిపూట, దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర ‘ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ (2023)కు నెబ్యులా వచ్చింది. పుట్టగానే నీడను కోల్పోయిన ఒక కుర్రవాణ్ణి, మహాత్ముడిగా పూజలందుకునే కన్న తండ్రిని చంపడానికి తల్లి పెంచుతుంది. అతను నగరానికి వచ్చి ఆ పని చేయకుండా కాలం గడుపుతుంటాడు. బుద్ధుడి కథను ఆయన కొడుకు రాహులుడి వైపునుంచి చూసిన ఊహ. కాగితాలు, గుర్తింపు కార్డులు, శిబిరాలు, కులాలూ తెగల లెక్కలు, అన్నీ మనకు తెలిసినవే కాబట్టి ఎక్కడా తడబడం. నడుమ కొంత భాగం సాగదీసినట్టుంది, వంద పేజీలు దారితప్పి తిరిగాను. చెబుతున్నది ఎవరో బయటపడినప్పుడు ఆ తిరుగుడు అంతా క్షమించాను. జెమిసిన్ బరువుగా అనిపిస్తే దీనికి రండి.

బేగంపేట దోమ

చివరిది అమితవ్ ఘోష్ ‘ది కలకత్తా క్రోమోజోమ్’. 1990ల నడుమ వచ్చిన పుస్తకం, 1997లో ఆర్థర్ సి. క్లార్క్ బహుమతి పొందింది. దీన్ని చదవడంలో నేను ఇరవై ఏళ్ళు ఆలస్యం. సికింద్రాబాదుతో సంబంధమున్న సైన్స్ ఫిక్షన్ ఇదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే అంత ఆలస్యం అయ్యేది కాదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, ఒక దోమ పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద చూసి, మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని కనుక్కున్నాడు. ఆ దోమ కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టించుకున్నందుకు దోమకు అణా చొప్పున ఇచ్చారట. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన కట్టడం ఇప్పటికీ ఉంది, ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఆయన పేరుతో పరిశోధన సంస్థగా. హుస్సేన్ ఖాన్ పేరు ఎంతమందికి తెలుసు?

ఘోష్ నవల ఆ ప్రశ్నలోంచే పుట్టింది. అంతకుముందు ఈ విషయంలో పెద్దగా అనుభవం లేని ఒక అధికారి అంత తొందరగా అంత దూరం ఎలా వెళ్ళాడు? ఆయన చుట్టూ ఉన్న పనివాళ్ళు, ఊడ్చేవాళ్ళు, రోగులు ఆయన్ను తమకు కావలసిన వైపు నడిపించి ఉంటే? కథ న్యూయార్కులో రేపో మాపో రాబోయే కాలంలో మొదలవుతుంది. అంతార్ అనే ఈజిప్టు గుమాస్తా కంప్యూటరులో ఒక పాత గుర్తింపు కార్డు చూస్తాడు. అది 1995లో కలకత్తాలో మాయమైన మురుగన్‌ది. అక్కడినుంచి పుకారు మీద పుకారు. ఇందులో కథంతా తెలిసినవాడు ఎవడూ లేడు. ఒకరు ఇంకొకరికి చెప్పింది, వాళ్ళు విన్నది, సగం మరిచిపోయింది. మన ఇళ్ళలో దయ్యం కథ ఒకరి నోట మరొకరి నోట ఎలా పెరుగుతుందో అలాగే ఇదీ పెరుగుతుంది.

ముడి చివరికి పూర్తిగా విప్పరు. నేరపరిశోధన నవలల అలవాటుతో వచ్చినవాళ్ళకు కోపం రావచ్చు. మా కార్యాలయంలో ఒకాయన చివరి పేజీలు చింపి ఎవరైనా కాజేశారేమోనని నన్ను అడిగారు. మురుగన్ ఒక భోజనం బల్ల దగ్గర కూర్చుని చెప్పే ఉపన్యాసం కూడా పొడుగెక్కువ. అయినా హైదరాబాదు, సికింద్రాబాదుల్లో ఉండేవాళ్ళకు నేను మొదట చెప్పేది దీని గురించే. చదివాక ఒక ఆదివారం బేగంపేట వెళ్ళి ఆ కట్టడం చూసి రండి.

మరి ఎవరికి ఏది?

పుస్తకం కొనే ముందు అట్ట వెనక రాసింది చదవకండి. మొదటి పేజీ, మధ్యలో ఏదో ఒక పేజీ నిలబడి చదవండి. ఈ-పుస్తకాల దుకాణాల్లో మొదటి అధ్యాయం ఊరికే చదవనిస్తారు, అది చాలు. ఆ గొంతుతో మీరు రైల్లో ఒక రాత్రి గడపగలరా అన్నదే లెక్క. అన్నిటికీ పనికొచ్చే ఒక్క పేరు చెప్పమంటే పిరనేసి అంటాను. చిన్నది, ఇంగ్లీషు సరళం, ముందువెనకల భాగాలు లేవు. ఎప్పుడూ ఈ తరహా నవలలు చదవనివాళ్ళకు హెయిల్ మేరీ. విశ్వనాథవారి వాక్యాలకు అలవాటుపడిన ఓపిక ఉన్నవాళ్ళు లెగ్విన్‌ను అందుకోండి, రెండో వందలో పడితే మిమ్మల్ని ఆపేవాళ్ళు ఉండరు. ఇషిగురో పుస్తకం ఒంటరిగా చదువుకోవలసింది, చర్చలకు పనికిరాదు. చంద్రశేఖర, ఘోష్ మాత్రం నలుగురు కలిసి చదివితే రక్తి కడతారు. మూడేసి భాగాలున్నవాటిలో మొదటిది ఒక్కటే కొనండి. నేను జెమిసిన్ మూడూ ఒకేసారి కొని, రెండోది తెరవడానికి నాలుగు నెలలు ధైర్యం చేయలేకపోయాను.

దసరాకు వచ్చినప్పుడు మా తోడల్లుడికి హెయిల్ మేరీ ఇచ్చాను. తిరుగు ప్రయాణంలో కాజీపేట దాటేదాకా నిద్రపోలేదట. త్రీ బాడీని అతని కొడుకు తీసుకువెళ్ళాడు. ఇంటర్లో ఎంపీసీ చదువుతున్నాడు. మూడు రోజుల్లో ఫోను చేసి, “పెదనాన్నా, రెండో భాగం ఉందా?” అని అడిగాడు. పుస్తకం తిరిగొచ్చాక చూశాను. వాళ్ళ నాన్న పెట్టిన టికెట్టు ఇంకా 180వ పేజీలోనే ఉంది.